కుడివైపు జేబు

ఆవిడకి అతుకులమ్మ అన్న పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. ఎవరైనా గాని, పని చూసే పెట్టారు. తెగిన ఫిల్మును అతికించడం ఆవిడ ఉద్యోగం. ఫిల్ము లైబ్రరీ రెండో అంతస్తులో, కిటికీ పక్కన, మధ్యలో అద్దం పలక, పలక కింద దీపం ఉన్న బల్ల ఆవిడది. బల్లకి ఆ చివర ఒక చక్రం, ఈ చివర ఒక చక్రం. ఒక చక్రం మీది ఫిల్ము రెండో దానికి చుట్టుకుంటూ పోతుంటే, నూలు గ్లౌజు తొడుక్కున్న రెండు వేళ్ల మధ్య దాని అంచుల్ని జారనిస్తుంది. ఎక్కడ చిరిగిందో, ఎక్కడ పాత అతుకు ఊడబోతోందో వేళ్లే చెబుతాయి. కళ్లు మాత్రం ఆ సమయంలో కిటికీలోంచి వీధిని చూస్తూంటాయి. కొత్తగా చేరినవాళ్లు ఈవిడ పని చేస్తోందా, కాలక్షేపం చేస్తోందా అని మొహమొహాలు చూసుకునేవారు. నెల తిరిగేసరికి వాళ్లే తమ రీళ్లు పట్టుకొచ్చి ఆవిడ బల్ల దగ్గర వరస కట్టేవారు.

ముప్పై నాలుగేళ్లు ఆ కుర్చీలోనే గడిచాయి. కుర్చీకి మూడుసార్లు కాళ్లు మార్చారు, ఆవిడని మాత్రం మార్చలేదు. అధికారులు వచ్చారు, పోయారు. ప్రతి డబ్బాలోనూ ఒక చీటీ ఉంటుంది. ఆ రీలు ఏమిటి, ఎలా ఉంది, దేనితో జత అన్నది ఆ చీటీ చెప్పాలి. అతుకులమ్మ చీటీ రాసిందంటే ఇక దాని మీద మాట లేదు. ఎంత గొప్ప చదువులు చదివినవాళ్లయినా ఆ గుండ్రటి చేతిరాత కనబడితే డబ్బా మూసేసి పక్కన పెట్టేవారు. అందుకు ఆవిడకి లోలోపల కాస్త గర్వం ఉండేది. ఉండదా మరి? ముప్పై నాలుగేళ్ల చాకిరీకి ఆ మాత్రం గర్వం లేకపోతే ఆ మనిషి ఏదో దాస్తోందని అనుమానించాలి.

ఆ లైబ్రరీలో సినిమాల కన్నా కచేరీల ఫిల్ములు ఎక్కువ. వెనకటి కాలపు గొప్ప పియానిస్టులు పెద్ద పెద్ద హాళ్లలో వాయిస్తుంటే తీసినవి. చేరిన కొత్తలో ఆవిడకి పియానో అంటే ఏమిటో తెలీదు. మొదటి రీలులో మూత ఎత్తిపెట్టిన నల్లటి బల్లలాంటిది ఒకటి, దాని ముందు బట్టతల ఆయన ఒకడు కనిపించాడు. దానికి శబ్దం కూడా లేదు. చేతులు మాత్రం ఉన్నాయి. ఆ పూట ఆవిడ భోజనం మానేసి ఆ చేతులనే చూస్తూ కూర్చుంది. మనిషి చేతులకి అంత తెలివి ఉంటుందని అంతవరకూ తెలియనందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

అప్పట్నుంచి పిచ్చి పట్టుకుంది. ఒక్క స్వరం వాయించడం రాదు, ఆ పియానిస్టుల పేర్లకి నోరు తిరగదు. అందుకని తనే పేర్లు పెట్టుకుంది. పియానో మెట్ల మీదికి వంగి ముక్కు ఆనించేంత పని చేసే ఆయన 'వాసన చూసే ఆయన'. పెద్ద భుజాలావిడ 'పిండి పిసికే ఆవిడ'. చెయ్యి ఎత్తిన ప్రతిసారీ గాల్లో ఊపేవాడు 'ఈగలు తోలేవాడు'. వెక్కిరింపు పేర్లే గాని, ఆ మనుషుల్ని ఎవరైనా ఒక్క మాట అంటే ఊరుకునేది కాదు.

"సినిమాలో ఏడుపు బాగా రాకపోతే మళ్లీ ఏడిపించి తీస్తారండీ. వీళ్లకి ఆ వెసులుబాటు లేదు. కూర్చున్నారంటే ఆఖరిదాకా వాయించి లేవాల్సిందే. చెమట కళ్లలోకి కారుతున్నా తుడుచుకోరు. చెయ్యి ఖాళీగా ఉండాలిగా" అని మొగుడికి చెప్పేది.

మొగుడు దర్జీ. రెండు వీధుల అవతల దుకాణం. మంచివాడు, నోటి దురుసు కొంచెం ఎక్కువ. భార్య బలవంతం మీద ఎన్నో కచేరీలు చూశాడు, అన్నిట్లోనూ కునుకు తీశాడు. మెలకువగా ఉన్న కాసేపూ కోట్లు చూసేవాడు. "భుజం దగ్గర ముడత పడుతోంది చూడు. ఇంత గొప్పవాడికి మంచి దర్జీ దొరకలేదా?" అనేవాడు. "మీకు సంగీతం వినిపించదా?" అని ఆవిడ, "ముడత కనిపిస్తుంటే ఎలా వినిపిస్తుందే?" అని ఆయన. ఈ వాదన వాళ్లింట్లో పాతికేళ్లుగా నడుస్తోంది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆ ఏడు చల్లగది యంత్రం సగం పాడైంది. ఫిల్ములు చల్లగా లేకపోతే పులిసిపోయి, పుల్లటి వాసన కొట్టి, వంకర్లు తిరిగి చస్తాయి. ఉన్న చల్లదనం సగం అరలకే సరిపోతుంది గనక, పనికిరానివి ఏరి పారెయ్యమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. కొత్త అధికారి మర్యాదస్తుడు. నూట నలభై డబ్బాల జాబితా తయారుచేసి స్వయంగా తెచ్చి ఆవిడ బల్ల మీద పెట్టాడు.

"అన్నీ దేనికీ జత కుదరని ముక్కలేనమ్మా. అడుగున మీ సంతకం కావాలి."

"ఒకసారి చూసి పెడతాను సార్."

"మీ చీటీలే ఉన్నాయిగా. మీరు రాశాక మళ్లీ చూసేదేముంది? శుక్రవారం లారీ వస్తుంది."

"అయితే గురువారానికల్లా చూసేస్తాను. చూడకుండా సంతకం పెట్టడం నాకు చేతకాదు."

ఆ జాబితాలో తొంభై ఆరో డబ్బా దగ్గర ఆవిడ వేలు ఆగింది. దాని కథ ఆవిడకి బాగా గుర్తు.

ఒక ముసలి పియానిస్టు. ఆయనకి పేరు పెట్టడానికి ఆవిడకి మనసొప్పలేదు, పెద్దాయన అనేది. కెమెరా అంటే పడని మనిషి. జీవితమంతా వాయించినా ఫిల్ము మీద ఒక్కసారే పడ్డాడు. అదీ ఆఖరి కచేరీలో ఆఖరి పాట, పదకొండు నిమిషాలు. ఆ తర్వాత చేతులు వణకడం మొదలై వాయించడమే మానేశాడట. ఆ కాలంలో బొమ్మని ఒక రీలు మీద, శబ్దాన్ని వేరే టేపు మీద పట్టేవారు. రెంటినీ కలపడానికి మొదట్లో ఒక మనిషి కెమెరా ముందు చెక్క పలకలు టక్కున కొడతాడు. బొమ్మలో పలకలు కలిసిన చోటుని టేపులో టక్ మన్న చోటుతో సరిపెడితే చాలు, మిగతాదంతా సర్దుకుంటుంది. పెద్దాయన ముందు పలకలు కొట్టే ధైర్యం ఎవరికీ లేకపోయిందో ఏమో, ఆ రీలులో ఆ గుర్తు లేదు.

ఇరవై ఆరేళ్ల కింద వారం రోజులు ఆ రెంటితో కుస్తీ పట్టింది అతుకులమ్మ. పియానోలో ఎడమ పక్క బరువు స్వరాలు, కుడి పక్క సన్న స్వరాలు అని అప్పటికే తెలుసు. టేపులో స్వరాలు సన్నం నుంచి బరువుకి జరజరా దిగే చోటు ఒకటి ఉంది. బొమ్మలో చెయ్యి ఆయన ఎడమకి పరిగెత్తే చోటు పట్టుకుని అక్కడ సరిపెట్టింది. మిగతాది కలవలేదు. ఇంకోచోట సరిపెట్టింది. అదీ కలవలేదు. శబ్దం సన్నబడుతుంటే చేతులు ఎడమకి, శబ్దం బరువెక్కుతుంటే చేతులు కుడికి. చివరికి టేపు ఇంకెవరిదో అని తేల్చి రెండు డబ్బాల్లోనూ చీటీలు పెట్టింది. బొమ్మ డబ్బాలో 'శబ్దం దొరకలేదు' అని. టేపు డబ్బాలో 'ఎవరిదో తెలియదు. ఏడో నిమిషంలో తెలియని చప్పుడు' అని. అప్పట్నుంచి ఒకటి తూర్పు గోడ అరలో, ఒకటి పడమటి గోడ అరలో. ఇప్పుడు రెండూ లారీకి.

గురువారం మధ్యాహ్నం పెద్దాయన రీలు తీసింది. తీస్తూ కిందిపెదవికి ఆనించింది. ఇది ఆ పనివాళ్ల అలవాటు. ఫిల్ముకి ఒకవైపు మెరుపు, ఒకవైపు మసక. బొమ్మ ఉండేది మసక వైపు. చీకటిగదుల్లో కళ్లతో పోల్చుకోలేరు గనక పెదవికి ఆనిస్తారు. మసక వైపు చిన్నగా అంటుకుంటుంది. మసక వైపు దీపానికి ఎదురుగా ఉండాలన్నది నియమం. ఆవిడ అలాగే ఎక్కించింది. ఇరవై ఆరేళ్ల కిందా అలాగే ఎక్కించింది.

కళ్లజోడు కోసం సంచి వెతికితే లేదు. మొగుడికి ఫోను చేసింది. పావుగంటలో వచ్చాడు, మెడలో కొలత టేపు వేలాడుతూనే ఉంది.

"నీ కళ్లజోడు కోసం ఒక పెళ్లికొడుకుని సగం కొలతలతో నిలబెట్టి వచ్చాను."

"కూర్చోండి. పదకొండు నిమిషాలే. రేపట్నుంచి ఈయన కనబడరు."

గొంతు ఎలాగో ఉందని కాబోలు, ఎదురు చెప్పకుండా స్టూలు లాక్కుని కూర్చున్నాడు. బల్ల మీది చిన్న తెరలో పెద్దాయన నడిచొచ్చాడు. జనానికి ఎదురుగా నిలబడి వంగి లేచాడు. వెళ్లి కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కాసేపు అలా ఉండిపోయాడు. ఎన్నిసార్లు చూసినా ఇక్కడ అతుకులమ్మ తెరకి దగ్గరగా జరుగుతుంది. అంతమంది ఎదురుచూస్తుంటే తొందరపడకుండా కూర్చోవడం ఎంత ధైర్యమో అని ఆవిడ ఎప్పుడూ అనుకుంటుంది.

"ఆపు, ఆపు. వెనక్కి తిప్పు" అన్నాడు దర్జీ. "ఆ వంగిన చోటుకి."

తిప్పింది.

"కుట్టినవాడు సామాన్యుడు కాడే. భుజం చూడు, ఎలా కూర్చుందో. ఇంత పనితనం ఉన్నవాడు పైజేబు కుడివైపు పెట్టాడేమిటి?"

"ఆయన అలా పెట్టించుకున్నారేమో."

"జేబంటే పెట్టించుకున్నాడు అనుకుందాం. గుండీలు కూడా ఆడవాళ్ల కోటుకున్నట్టు పెట్టించుకున్నాడా? నలభై ఏళ్లుగా కుడుతున్నాను, మగవాడి కోటుకి గుండీలు పెడితే ఎడమ అంచు పైకి రావాలి. ఈయనకి కుడిది వచ్చింది. అద్దంలో చూస్తే తప్ప ఇలా ఉండదు."

ఆ మాట అని ఆయన జేబులోంచి సుద్దముక్క తీసి గోళ్లు గీక్కుంటున్నాడు. అతుకులమ్మ చెయ్యి చక్రం మీద అలాగే ఉండిపోయింది.

అద్దంలో చూస్తే తప్ప. పియానిస్టులంతా కుడి చెయ్యి జనం వైపు ఉండేలా కూర్చుంటారు. ఈయన ఒక్కడే ఎడమ చెయ్యి ఇటు పెట్టి కూర్చున్నాడు. కెమెరా అవతలి పక్క పెట్టారు కాబోలు అని అప్పట్లో సర్దిచెప్పుకుంది. బొమ్మ మసగ్గా ఉంటే ఫోకస్ తిప్పుకుని, ఎందుకు తిప్పాల్సి వచ్చిందని అడుక్కోలేదు. డబ్బా మీద 'కాపీ' అని రాసుంది. కాపీలకి నియమం ఏమిటో ఆవిడకి నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. మసక వైపు దీపానికి ఎదురుగా. కానీ కెమెరాలోనే తిరిగి, నెగటివ్ లేకుండా తిన్నగా బొమ్మయిన ఫిల్ముకి ఆ నియమం తలకిందులు. దాన్ని కాపీలాగా ఎక్కిస్తే కుడి ఎడమవుతుంది.

ఎవరో పాత డబ్బాలో పెట్టిన ఫిల్ము అది. డబ్బా కాపీది. లోపల ఉన్నది కాపీ కాదు.

"ఏమైందే? మొహం అలా పాలిపోయింది?"

"ఇది అసలుదండీ" అంది. "పెద్దాయన ముందు, ఆ హాల్లో, ఆ కెమెరాలో తిరిగిన ఫిల్మే ఇది. నేను దీన్ని తిరగేసి పెట్టి, శబ్దం కలవలేదని చీటీ రాశాను. ఇరవై ఆరేళ్లు."

ఆవిడ ఏడవలేదు గాని, ఏడ్చినా బాగుండేది. తల కొట్టేసినట్టయింది. జాబితాలో తొంభై ఐదు డబ్బాలకి, చూసినట్టు, అప్పటికే టిక్కు పెట్టి ఉంది. ఈ డబ్బాకి కూడా ఆ పొద్దున్నే, తన చీటీనే నమ్మి, టిక్కు పెట్టేసి ఉంటే? జాబితాని బల్ల అవతలికి తోసేసింది.

దర్జీ గొంతు తగ్గించాడు. "చీటీ చించి కొత్తది పెట్టెయ్. ఎవరికి తెలుస్తుంది?"

"కోటు తప్పు కొలతకి కుట్టి, తొడుక్కున్నవాణ్ణి వంగి నడవమంటారా మీరు?"

ఆయన సుద్దముక్క జేబులో పెట్టేసుకున్నాడు.

ముందు కలుస్తుందో లేదో చూడాలి. ఫిల్ము తిరగేసి ఎక్కించింది. పెద్దాయన ఇప్పుడు సరైన వైపు కూర్చున్నాడు, కుడి చెయ్యి ఇటు. పడమటి గోడ అరలోంచి టేపు తెచ్చింది. ఆ జరజరా దిగే చోటు పట్టుకుని, ఇప్పుడు నిజంగా ఎడమకి వెళ్తున్న చేతితో సరిపెట్టింది. కలిసింది. కలిసీ కలవనట్టుంది. వేళ్లు మెట్టుని తాకిన తర్వాత కనురెప్పపాటుకి గాని శబ్దం రావడం లేదు. అటు జరిపితే ఇటు, ఇటు జరిపితే అటు. అంత వేగంలో ఏ వేలు ఏ స్వరానిదో ఎవరు పట్టుకోగలరు? చెక్క పలకల గుర్తు ఉంటే నిమిషం పని. గోడ గడియారం నాలుగు దాటింది. అధికారి ఐదింటికి జాబితా తీసుకోవడానికి వస్తానన్నాడు. సుమారుగా కలిసింది సార్ అంటే ఆయన చల్లగది తలుపు తెరవడు.

దర్జీ మాత్రం పెళ్లికొడుకుని పూర్తిగా మరిచిపోయి తెర మీదికి వంగాడు. ఈసారి కునుకు లేదు.

"ఈ కుడి చేతి మణికట్టు దగ్గర నాలుగు గుండీలున్నాయి చూశావా?"

"మీ గుండీలకో దణ్ణం. కాసేపు మాట్లాడకండి."

"నేనేమన్నాను? లేచి దణ్ణం పెట్టేటప్పుడు మూడే ఉన్నాయి. మధ్యలో ఒకటి పోయింది. అంత మంచి కోటుకి ఆ దారం అంత వదులుగా వేసినవాణ్ణి..."

అతుకులమ్మ కళ్లజోడు సవరించుకుంది. ఏడో నిమిషంలో తెలియని చప్పుడు. తన చీటీలో తనే రాసిన మాట.

టేపుని ఏడో నిమిషానికి తిప్పింది. స్వరాల నడుమ సన్నగా, పొడిగా, టక్. బొమ్మని అక్కడికి తెచ్చి ఒక్కొక్క ఫ్రేమే చేత్తో నడిపింది. నాలుగు గుండీలు. నాలుగు. మూడు. మూడున్న ఫ్రేములో తెల్ల మెట్ల మీద నల్లటి చుక్క ఒకటి, తర్వాతి ఫ్రేములో ఆ చుక్క మెట్ల ముందున్న చెక్క మీద. ఆ తర్వాత లేదు.

చుక్క చెక్కని తాకిన ఫ్రేముని, టేపులో టక్ మన్న చోటుని కలిపి బిగించింది. వెనక్కి తిప్పి మొదట్నుంచి నడిపింది.

ఇది ఎలా చెప్పాలో నాకూ తెలీదు. పెద్దాయన ఒళ్లోంచి చేతులు ఎత్తాడు. మెట్ల మీద పెట్టాడు. పెట్టిన చోటే, పెట్టిన క్షణానే స్వరం పలికింది. అంతవరకూ ఆవిడ చూసింది చేతుల్ని, విన్నది ఎవరివో స్వరాల్ని. ఇప్పుడు ఒక మనిషి వాయిస్తున్నాడు. చిటికెన వేలు చివర్న ఆనీ ఆననట్టు తాకితే ఎంత చిన్న స్వరమో అంత చిన్నగా వినబడింది. ఏడో నిమిషంలో గుండీ పడింది. పెద్దాయన చూడలేదు, ఆగలేదు, మొహంలో గీత కూడా కదల్లేదు. ఆ చెయ్యే మరుక్షణం ఈ చివరినుంచి ఆ చివరికి మెట్లన్నీ ఊడ్చుకుంటూ పోయింది. దర్జీ నోరు కొంచెం తెరుచుకునే ఉంది.

ఐదింటికి అధికారి వచ్చాడు. ఆయన్ని కూర్చోబెట్టి పదకొండు నిమిషాలూ చూపించింది. తర్వాత జరిగింది చెప్పింది, ఒక్కటీ దాచకుండా.

"సాంకేతిక పొరపాటు అని రాద్దామమ్మా" అన్నాడు ఆయన మెల్లిగా.

"సాంకేతికం ఏముంది సార్. చేతి పొరపాటు. ఈ చేతులదే. అలాగే రాయండి."

"అలా రాస్తే మీరు రాసిన మిగతా చీటీలన్నీ..."

ఆవిడకి ఆ మధ్యాహ్నం నుంచీ గుండెలో గుచ్చుకుంటున్నది ఆ ముక్కే. ముప్పై నాలుగేళ్లుగా ఎవరూ తిరిగి చూడని చీటీలు. ఇక ప్రతిదాన్నీ తిరిగి చూస్తారు.

"శబ్దం కలవదని రాసినవి ఇంకో పదకొండు ఉన్నాయి సార్. ముందు అవి చూడాలి. తర్వాత మిగతావి. రేపు లారీ వద్దని చెప్పండి. నా చీటీలు నేనే మళ్లీ చూస్తాను."

అధికారి జాబితా మడిచి జేబులో పెట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, "ఆ మధ్యలో చప్పుడేమిటమ్మా?" అని అడిగాడు. "గుండీ" అన్నాడు దర్జీ, అంతా తనే వాయించినంత దర్పంగా.

కొత్త చీటీ రాసింది. 'బొమ్మ అసలుది. శబ్దం దీనిదే. గుండీ పడిన చోట కలపాలి. మొదటి చీటీ తప్పు, రాసింది నేనే.' పాత చీటీ చించకుండా దాని కిందే గుచ్చింది. రీలు డబ్బాలో పెట్టేముందు అలవాటుగా ఫిల్ము చివర పెదవికి ఆనించుకుంది. మసక వైపు అంటుకుంది. పెద్దాయన చేతుల మీద పడిన వెలుగు ఏ కాపీలోంచీ రాకుండా తిన్నగా దీని మీదే పడిందన్న సంగతి ఇప్పుడు తెలుసు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఇంత సంతోషం, ఇంత సిగ్గు ఒకే పూట ఎప్పుడూ కలగలేదు.

మెట్లు దిగుతుంటే దర్జీ ఆలోచనలో ఉన్నాడు.

"ఆ గుండీ మళ్లీ ఎవరైనా కుట్టారంటావా ఆయనకి?"

"ఆ తర్వాత ఆయన వాయించలేదటండీ. ఆ కోటుతో పని పడి ఉండదు."

దర్జీ రెండు మెట్లు దిగి ఆగాడు. "పాపం, అయితే ఆ హాల్లోనే ఎక్కడో పోయిందన్నమాట."

"పోలేదు" అంది అతుకులమ్మ. "తొంభై ఆరో డబ్బాలో ఉంది."